తీగకు దిక్కు కలదా?

బళ్ళారిలోని మా తెలుగు సంఘపు గదిలో ఒక ఇనుప బీరువా కలదు. దాని అడుగు అరలో 11 టేపు రీళ్లును, 32 క్యాసెట్టులును ఉన్నవి. 1968 మొదలు 1985 వరకు మా పెద్దలు పాడిన పద్యములు, ఆడిన నాటకముల తునకలు, పెండ్లిండ్లలో స్త్రీలు పాడిన పాటలు, ఏమియు తోచని సాయంకాలములందు అరుగులమీద సాగిన మాటలు వానిలో నిలిచి యున్నవి. ధర్మవరము రామకృష్ణమాచార్యులు, కోలాచలము శ్రీనివాసరావు, బళ్ళారి రాఘవ నడయాడిన ఊరు మాది. 1953 లో మా తాలూకా మైసూరు రాష్ట్రమున చేరిన పిదప మా పిల్లలకు బడిలో కన్నడమును, ఇంటిలో తెలుగును అబ్బినవి. రెండును మాకు కావలసినవే. కాని ఇంటి తెలుగునకు పుస్తకములు లేవు. అది గొంతులలోనే బ్రదికినది. ఆ గొంతులు ఆ బీరువాలో నున్నవి.

2023 ఉగాదినాడు సంఘమువారు ఈ టేపులనన్నిటిని కంప్యూటరులోనికి ఎక్కింపవలెనని నిశ్చయించిరి. చందాల మూలమున 60,000 రూపాయలు సమకూడెను. ఆ మొత్తములో పింఛనుమీద బ్రదుకు ముసలివారి నూరురూపాయల నోట్లు పెక్కు కలవు. తొందరకు కారణము టేపుల వయస్సొక్కటియే కాదు. డబ్బాలపై అంటించిన చీటీలు కొన్ని చెదలపాలైనవి. కొన్నింటిపై మొదటినుండియు ఏమియు వ్రాసియుండలేదు. ఏ గొంతు ఎవరిదో చెప్పగలవారు ఊరిలో ఒక్కరే మిగిలిరి. వారిని అందరును హార్మోనియం తాత అందురు. ఆ నాటకములకు హార్మోనియము వాయించినవారు ఆయనయే. అప్పటికి 91 ఏండ్లు. చూపు తగ్గినది గాని చెవి చెక్కుచెదరలేదు. టేపులను ఎక్కించి, ఆయన మంచముకడ కూర్చుండి, ఒక్కొక్కటిగా వినిపించి, పేర్లు వ్రాసికొనవలెనని మా ఏర్పాటు.

ఈ పని మా తమ్మునికి అప్పగింపబడెను. మా చిన్నాయన కుమారుడు. మాకంటె పదునైదేండ్లు చిన్నవాడు. శబ్దయంత్రములనిన వానికి ప్రాణము. వాని ఇంటిలో కూర్చుండుటకు కుర్చీలు తక్కువ, స్పీకర్లు ఎక్కువ. వాడు బెంగుళూరికి పోయి ఒక జత తీగలు కొని తెచ్చెను. టేపు యంత్రమునుండి కంప్యూటరుకడ నుండు పెట్టెకు శబ్దమును చేరవేయు కేబుళ్లవి. నిడివి ఒక మీటరు. వెల 38,000 రూపాయలు. సరకు నచ్చకున్న పదిదినములలో తిరిగి ఈయవచ్చునని దుకాణమువారు చెప్పిరట. నల్లని అల్లికమీద వెండి రంగున బాణపు గుర్తొకటి అచ్చువేయబడి యుండెను.

“చూడన్నా, ఈ బాణం టేపు తట్టు నుంచి పెట్టె తట్టుకు ఉండాల. తిప్పి పెడితే గొంతు ముడుచుకొని పోతాది.”

“రాగితీగే గదప్పా. దానికి ముందూ వెనకా ఉంటాయా?”

“రాగిని అచ్చులోంచి లాగేటప్పుడే దానికొక వాలు పడతాది. చేప పొలుసు మాదిరి. ఒక తట్టు నిమిరితే నున్నగా ఉంటాది, ఇంకో తట్టు నిమిరితే గరుకు.”

చేప పొలుసను ఉపమానము మమ్ము పట్టుకొన్నది. మేము శాస్త్రము చదువుకొన్నవారము కాము, పద్యము చదువుకొన్నవారము. మంచి ఉపమానము దొరకినయెడల సగము నమ్ముట మా జాతి లక్షణము.

ఆ రాత్రియే సంఘపు కార్యవర్గము తొమ్మండుగురమును వాని ఇంటిలో కూర్చుంటిమి. వాడు ఒక పద్యమును బాణము సరియైన దిక్కున నుంచి వినిపించెను. పిదప తీగను త్రిప్పి, “ఇప్పుడు చూడండి, ఎట్ల మూసుకొని పోతాదో” అని వినిపించెను. ఇచ్చట అబద్ధమాడి లాభము లేదు: మాకు తేడా వినబడినది. మొదటిసారి గొంతు విచ్చుకొని ముందునకు వచ్చినట్లును, రెండవసారి తెరవెనుకకు పోయినట్లును స్పష్టముగా తోచినది. అంత వెల పెట్టవలెనా కూడదా అని ఓట్లు తీసికొనగా నలుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు నిలిచిరి. తొమ్మిదవ ఓటు మాది. తీగలను ఉంచుకొంటిమి.

తరువాతి మూడునెలల కథ చెప్పుకొనుటకు సిగ్గగుచున్నది. పదునాలుగు టేపులు ఎక్కించిన పిమ్మట వినిచూడగా అన్నిటను గొంతులు కంబళి కప్పుకొని పాడినట్లుండెను. శకారమునకును సకారమునకును భేదము తెలియలేదు. తీగ పొరపాటున తిరుగబడి యుండునని తమ్ముని అనుమానము. దిక్కు మార్చి పదునాలుగింటిని మరల ఎక్కించిరి. అప్పుడును అంతే. తీగ ఇంకను ‘పాకమునకు’ రాలేదనియు, దానిలో ఇన్నూరు గంటలు సంగీతము ప్రవహించిన గాని మెత్తబడదనియు మరియొక వాదము బయలుదేరెను. ఇన్నూరు గంటలు సినిమాపాటలు మ్రోగినవి. ప్రాతటేపును ఆడించినప్పుడెల్ల దానిపై పూతనుండి గోధుమరంగు పొడి రాలును. ఆ పొడియే శబ్దము. అట్టిదానిని ఊరక తిప్పుట దీపపు నూనెను చూచుటకై మాటిమాటికి దీపము వెలిగించుట వంటిది. ఏడవ రీలు రెండవ పర్యాయమున తెగినది.

ఈలోగా హార్మోనియం తాత మాకు రెండుసార్లు కబురు పంపెను. “ఎట్లుంటే అట్ల తీసుకరా నాయనా, వింటా” అని. ఇంత మసకగా నున్నదానిని ఆ చెవికి వినిపించుటకు మనసొప్పక, బాగుపడిన పిమ్మట తెత్తుమంటిమి. ఆషాఢమాసమున ఆయన కాలము చేసెను. ఒక్క టేపును వినలేదు.

అటుపిమ్మట ఈ తీగ సంగతి తేల్చుకొననిదే మాకు నిద్ర పట్టలేదు. ఇచ్చటి కళాశాలలో గణాంకశాస్త్రము బోధించు మా మేనకోడలిని అడిగితిమి. తాను శబ్దశాస్త్రమునందు పండితురాలను కానని చెప్పి, ఐనను మొదట ఒక ప్రశ్న వేసెను. “మామా, హార్మోనియం మెట్టు నొక్కితే తీగలో ఏం పోతుంది? ఒక తట్టుకే పోయే నీళ్ళా?”

కాదట. మెట్టు నొక్కినప్పుడు రీడు ముందువెనుకలకు ఊగును, గాలి ఊగును, మైకులోని పొర ఊగును, తీగలోని విద్యుత్తును అట్లే ఊగును. క్షణమునకు 440 ఊపులు గల స్వరమైనచో, తీగలో విద్యుత్తు క్షణమునకు 440 సార్లు అటును, 440 సార్లు ఇటును పోవును. మనుష్యుని చెవి సుమారు 20 మొదలు 20,000 ఊపుల వరకు పట్టును. వానిలో ఏదియు ఒకవైపు ప్రయాణము కాదు. రాగిలోని ఎలక్ట్రానులు ఈ కొసనుండి ఆ కొసకు శబ్దమును మోసికొని పోవుటయు లేదు. ఒక చదరపు మిల్లీమీటరు మందముగల తీగలో ఒక ఆంపియరు విద్యుత్తు ఆ స్వరమున ఊగునపుడు అవి కదలు దూరము వెండ్రుక మందములో వెయ్యవవంతునకు మించదు. నిలిచినచోటనే తల ఊపుచుండును, పద్యము విను రసికునివలె. ఈ ఉపమానము మాది; మేనకోడలికి నచ్చలేదు.

కనుక తీగ ఒకవైపు నున్నగను, ఒకవైపు గరుకుగను ఉన్నదనుకొన్నచో, ప్రతి ఊపులోను సగము సాఫీగా పోయి, సగము గీరుకొనవలెను. అది సన్నని తేడాగా వినబడదు; గొంతు చీలి బొంగురుపోవును. దానిని పట్టుటకు నిపుణుల చెవి అక్కరలేదు, మీటరే పట్టును. అట్టి వస్తువులు లేకపోలేదు. విద్యుత్తును ఒకవైపునకే పోనిచ్చు స్ఫటికముల గుణమును 1874 లో బ్రౌన్ అను జర్మను శాస్త్రజ్ఞుడు కనుగొనెను. అట్టి గెలీనా స్ఫటికముతో విద్యుత్తరంగములను పట్టు సాధనమునకు మన జగదీశచంద్ర బోసు 1904 లో అమెరికాలో పేటెంటు పొందెను. తరువాతి కాలపు డయోడులు ఆ కోవకు చెందినవే. దిక్కుగల పదార్థమట్లుండును. రాగి అట్టిది కాదు. అచ్చులోనుండి లాగునపుడు రాగిలోని రేణువులు పొడుగుగా సాగుట నిజమే. కాని సాగిన రేణువునకు రెండు కొసలును ఒక్కటియే. పొలుసువలె ఒక కొస అతికియుండి, ఒక కొస లేచియుండుట లేదు. ఒక చదరపు మిల్లీమీటరు మందముగల మీటరు రాగితీగ అడ్డగింపు సుమారు 0.017 ఓము. ఏ కొసనుండి కొలిచినను అంతే.

మరి ఆ బాణము శుద్ధ అబద్ధమా? ఈ ప్రశ్న మా రేడియో సాయిబుగారిని అడిగితిమి. నలుబదియేండ్లుగా ఊరి రేడియోలను బాగుచేయుచున్నవాడు. ఆయన మాటాడక ప్లగ్గు మూత విప్పి చూపెను. లోపల రెండు సన్నని తీగలు. వానిచుట్టు అల్లిన కవచము. ఆ కవచము టేపు యంత్రముండు కొసననే అతుకబడినది. రెండవ కొసన ఊరక వదలివేయబడినది. ఇంటి కరెంటుయొక్క 50 ఊపుల గుయ్యిమను మ్రోత లోనికి రాకుండుటకై కొందరు అట్లు కట్టుదురట. కవచము ఏ కొసన కట్టబడినదో గుర్తుంచుకొనుటకు బాణము. త్రిప్పి పెట్టినయెడల కొన్నిచోట్ల మ్రోత కొంచెము హెచ్చవచ్చును. మీటరు దూరమున అదియు అరుదు. పద్యము మాత్రము మారదు. అనగా బాణమునకు ఒక అర్థమున్నది. వెల పెంచుటకు చెప్పిన అర్థమది కాదు.

దిక్కు నిజముగా ముఖ్యమైన తీగలును కలవని సాయిబుగారు చెప్పిరి. సభలలో వాడు మైకు కేబుళ్లకు ఒక కొసన మూడు పుల్లలు, మరియొక కొసన మూడు రంధ్రములు. త్రిప్పి పెట్టుదమన్నను పట్టదు. కొత్త టీవీలకు దూరమునుండి కాంతిద్వారా బొమ్మను పంపు హెచ్‌డీఎంఐ కేబుళ్లలో ఒక కొసన కాంతిని పుట్టించు చిప్పును, మరియొక కొసన దానిని గ్రహించు చిప్పును ఉండును. తిరుగవేసిన బొమ్మయే రాదు. ఇక స్పీకర్ల తీగలో ప్లస్సు, మైనస్సు తారుమారు చేయుట వేరు సంగతి. జతలో ఒక్కదానికి అట్లు చేసినచో ఒక స్పీకరు ముందునకు త్రోయునపుడు రెండవది వెనుకకు లాగి, మృదంగపు తొప్పి వంటి క్రింది ధ్వనులను మ్రింగివేయును. పెండ్లి పందిళ్లలో ఈ పొరపాటును ఎన్నిసార్లో చూచినామని ఆయన నవ్వెను. తీగకు దిక్కున్నదను నమ్మకమునకు ఇట్టి నిజమైన పొరపాట్లు కూడ కొంత ఎరువు వేసినవేమో.

ఇదంతయు తమ్మునికి చెప్పగా వాడు ఒప్పుకొనలేదు. “మీటరుకు చెవులు లేవన్నా. నువ్వు కూడా విన్నావు గదా” అనెను. ఆ మాటకు మా కడ బదులు లేదు. విన్నమాట వాస్తవము.

“అయితే కళ్ళు మూసుకొని విందాం” అనినది మేనకోడలు. అవి సి. ఆర్. రావుగారు 102 ఏండ్ల వయస్సున 2023 ఆగస్టు 22 న దివంగతులైన కొలది దినములు. వారు 1920 లో పుట్టినది మా హడగలిలోనే; నాడు బళ్ళారి జిల్లా, 2021 నుండి విజయనగర జిల్లా. తెలుగింటి బిడ్డ. కేంబ్రిడ్జిలో ఫిషర్ కడ చదివి 1948 లో డాక్టరేటు పొందిరి. ఆ ఫిషర్ 1935 లో ప్రకటించిన గ్రంథములో ఒక దొరసాని ముచ్చట కలదు. కప్పులో పాలు ముందు పోసిరో, టీ ముందు పోసిరో రుచినిబట్టి చెప్పగలనని ఆమె అనగా, ఒక్కొక్క విధమునకు నాలుగు చొప్పున ఎనిమిది కప్పులు కలగలిపి ఈయవలెనని ఆయన ఏర్పాటు. ఊరక ఊహించి అన్నిటిని సరిగా చెప్పగలుగుట 70 లో ఒక వంతు మాత్రమే. “మన హడగలి ఆయన గురువు చూపించిన దారే మామా, పరాయిదేం కాదు” అని మేనకోడలు మా తమ్ముని ఒప్పించెను.

సెప్టెంబరులో ఒక ఆదివారము సంఘపు గదిలో దుప్పటి తెరగా కట్టి పరీక్ష జరిపితిమి. తెరవెనుక సాయిబుగారు, ముందు మేము ఆరుగురము. ఒక్కొక్కరికి పది పర్యాయములు, పర్యాయమునకు అర నిమిషము అదే పద్యము. బాణము ఎటుండవలెనో ప్రతిసారి రూపాయి బిళ్ల ఎగురవేసి సాయిబుగారే నిర్ణయింతురు. దిక్కు మార్చినను మార్చకున్నను తీగను ఊడదీసి మరల పెట్టవలెను, ఆ చప్పుడునుబట్టి ఎవరును పసిగట్టకుండుటకు. మొదట బాణము కనబడునట్లుగా రెండు దిక్కులను వినిపించిరి. మరల ఆ విచ్చుకొనుట, ఆ మూసుకొనుట మాకు చక్కగా వినబడినవి. పిదప తెర దించిరి.

తెర దించిన క్షణమున ఆ తేడా ఎచ్చటికో పోయినది. చెవులు రిక్కించితిమి, కండ్లు మూసితిమి, కడకు ఊపిరి బిగబట్టితిమి. ప్రతిసారి పద్యము పద్యమువలెనే ఉండెను. తమ్ముని నొసట చెమట పట్టెను. చీటీలపై గుర్తులు పెట్టి ఇచ్చితిమి. అరువది జవాబులలో సరియైనవి 31. నలుగురికి వరుసగా 5, 6, 5, 4. తమ్మునికి 4. మాకు 7.

ఏడు! నమ్మకము లేనివారమై కూర్చున్న మాకే అందరికంటె హెచ్చు వచ్చినది. ఒక నిమిషముపాటు మాకు కలిగిన గర్వమును దాచనేల? నిజముగానే మా చెవిలో ఏదో ఉన్నదేమో, ఆ తొమ్మిదవ ఓటు తప్పు కాదేమో అనిపించెను. మేనకోడలు కాగితముమీద లెక్క వేసి చూపెను. పదిసార్లు బిళ్ల ఎగురవేయువాడు ఏడుగాని, అంతకు మించిగాని సరిగా చెప్పుట 1,024 లో 176 వంతులు, అనగా ఇంచుమించు ఆరింట ఒకటి. ఆరుగురు కూర్చున్నచోట ఎవరో ఒకరికి అట్లు వచ్చుటకు మూడింట రెండు వంతుల అవకాశము. ఆ ఒకరు మేమైతిమి, అంతే. తొమ్మిది వచ్చియుండిన మరల పరీక్షింపదగిన సంగతియే, ఏడు కాదు.

తమ్ముడు ఆనాడు మాటాడలేదు. మరునాడు తెల్లవారుజామున మా అరుగుమీద కూర్చుండి యుండెను. “నాలుగేనా అన్నా?” “నాలుగేనప్పా.” కాఫీ త్రాగి వెడలిపోయెను. వానిని మోసగాడని ఊరిలో ఒకరిద్దరు అనిరి, అది అన్యాయము. వాడు వినినది వినినట్లే చెప్పినాడు, మేమును వినినాము. ఆశపడిన కన్ను చెవికి ముందే చెప్పి ఉంచినది, అంతే. ఆ డబ్బు తిరిగి రాలేదు. పదిదినముల గడువు దాటినదని దుకాణమువారు చెప్పిరి.

ఇంతకు, కంబళి ఎచ్చట నుండెను? సాయిబుగారు టేపు యంత్రపు హెడ్డును స్పిరిటులో ముంచిన దూదితో తుడువగా దూది గోధుమరంగైనది. తరువాత హెడ్డు ప్రక్కనున్న చిన్న మరను స్క్రూడ్రైవరుతో కొద్దిగా త్రిప్పిరి. హెడ్డులోని సన్నని చీలిక టేపునకు నిట్టనిలువుగా నుండవలెను. క్యాసెట్టు టేపు క్షణమునకు 4.76 సెంటీమీటర్లు నడచును. 10,000 ఊపుల ధ్వని దానిపై ఒక్కొక్క అలకు 4.76 మైక్రాన్ల చోటే ఆక్రమించును. చీలిక ఏమాత్రము ఒరిగినను ఆ సన్నని అలలు ఒకదానిపై నొకటి పడి చెరిగిపోవును. శకార సకారముల ప్రాణము అటువంటి హెచ్చు ఊపులలోనే ఉన్నది. పైగా ఒక్కొక్క టేపును ఒక్కొక్క ఇంటి యంత్రముమీద పట్టిరి గనుక, ఒరపు ఒక్కొక్కదానికి ఒక్కొక్క విధము. ప్రతి టేపునకు మరను త్రిప్పుచు, వినుచు, సరిచూచుకొనవలెను. ఆయన త్రిప్పుచుండగా ఒకచోట గొంతు ఒక్కసారిగా గదిలోనికి వచ్చినది. ఈసారి ఎవరును ముందుగా ఏమియు చెప్పియుండలేదు. సాయిబుగారు మా కండ్లెదుట మరను వెనుకకు త్రిప్పగా పోయినది, ముందునకు త్రిప్పగా వచ్చినది. మేనకోడలు దీనికిని తెర కట్టుమనెను. కట్టితిమి. పదింట పది.

ఆ పనికి సాయిబుగారు పుచ్చుకొన్నది 3,000 రూపాయలు.

తమ్ముడు నాలుగునెలలు రాత్రులందు సాయిబుగారి ప్రక్క కూర్చుండి 43 టేపులను ఎక్కించెను. తెగిన ఏడవ రీలును తానే అతికించెను. అతుకుచోట ఒక పద్యములో రెండక్షరములు లేవు. మొత్తము 61 గొంతులని లెక్క తేలినది. ఊరిలోను, హొసపేటలోను, బెంగుళూరిలోను ఉన్న ముసలివారికి వినిపించి 38 పేర్లు రాబట్టితిమి. మిగిలిన 23 ని రిజిస్టరులో ‘గుర్తు తెలియని గొంతు’ అని అంకెలువేసి వ్రాసితిమి. హార్మోనియం తాత వినియుండిన ఆ అంకెలు ఎన్నియుండెడివో ఊహింపలేము. ఆదివారము సాయంకాలములందు సంఘపు గదిలో ఇవి వినవచ్చును. బళ్ళారి పెద్దల మాటతీరు ఎరిగినవారు ఎచ్చట నున్నను ఒకసారి వచ్చి వినవలెనని ప్రార్థన.

14 వ గొంతు ఒక స్త్రీది. జోలపాట నడుమ ఎందుకో నవ్వు వచ్చి, “ఆపప్పా ఆ పెట్టె” అనును. అది మా జేజి గొంతేమోయని మాకు ఒక్కొక్కప్పుడు గట్టిగా తోచును. మేనకోడలు రిజిస్టరులో ఆ పేరు వ్రాయనీయలేదు.